తాతగారి రైఫిల్ ఎంత చేస్తుంది? అమ్మాలా, ఉంచుకోవాలా?

వేట రైఫిల్ ధర చెప్పమని బెజవాడలో ఏ గన్ షాపుకి వెళ్లినా, షాపాయన ముందు తుపాకీ అడగడు. లైసెన్సు పుస్తకం అడుగుతాడు. తుపాకీ ఇంగ్లండుదా, మన దేశంలోని ఇషాపూర్ ఫ్యాక్టరీదా, మీ తాతగారు దానితో నల్లమలలో ఏం కొట్టారు అనేవన్నీ ఆ తర్వాత సంగతి. మన దగ్గర పాత తుపాకీ విలువలో సగం ఇనుములో ఉండదు. దాన్ని చట్టప్రకారం కొనగలిగే మనిషి ఎంత సులువుగా దొరుకుతాడనే దాంట్లో ఉంటుంది. పాస్‌బుక్ లేని పొలం ఎంత మంచి నల్లరేగడైనా బేరానికి నిలబడదు కదా, ఇదీ అంతే.

అందుకే అమెరికా వెబ్‌సైట్లలో ధరలు చూసి డాలర్లను రూపాయల్లోకి మార్చుకుని కూర్చోవద్దు. అక్కడ వేట ఉంది, దుకాణం ఉంది, తూటా ఉంది. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి తర్వాత వచ్చిన సవరణలతో వేట మాటే లేదు. ఒకప్పుడు కొల్లేరు బాతుల కోసం కొన్న పన్నెండు బోర్ తుపాకీలు మన ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. ఆ కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. ఇప్పుడు కొనేవాడు ఆత్మరక్షణకో, హోదాకో, బ్యాంకు దగ్గర గార్డు ఉద్యోగానికో, గురి సాధనకో కొంటాడు. ధర వాడి అవసరాన్ని బట్టి ఉంటుంది, మన జ్ఞాపకాలను బట్టి కాదు.

ముందు కాగితం

లైసెన్సుదారు బతికి ఉండి, రెన్యువల్ అయి ఉండి, ఆయనే అమ్ముతుంటే దారి సాఫీ. పెద్దాయన పోయాక వారసులు అమ్మాలంటే ఒక మెట్టు ఎక్కువ. లైసెన్సు ఆయన పేరుతో ఉంది కాబట్టి, ఆయన పోయాక ఆ తుపాకీని ఇంట్లో ఉంచుకునే హక్కు మీకు దానంతట అది రాదు. ఆయుధాల చట్టం ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా ఉంది. "మా నాన్నదే కదండీ" అంటే కుదరదు. కాబట్టి ధర కనుక్కోవడానికి దాన్ని గోనెసంచిలో చుట్టి బండి మీద షాపుల చుట్టూ తిప్పకండి. అప్పగించాక డీలరు దగ్గరే చూపించి మాట్లాడుకోవచ్చు.

లైసెన్సు పుస్తకంలో మూడు చూడాలి. తుపాకీ మీద చెక్కిన నంబరూ పుస్తకంలో రాసిన నంబరూ ఒకటేనా? పాత గుమస్తాల చేతిరాతలో 1, 7గా మారిపోయిన సందర్భాలుంటాయి. అది సరిచేయించకుండా ఏ డీలరూ ముట్టుకోడు. రెండు, చివరి రెన్యువల్ ఎప్పుడైంది? ఇప్పుడు లైసెన్సు గడువు ఐదేళ్లు, అంతకుముందు మూడేళ్లుండేది. మూడు, జాతీయ డేటాబేస్‌లో ఎక్కి యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు వచ్చిందా? అది లేని పాత పుస్తకాన్ని ఈ రోజుల్లో ఖాళీ పుస్తకం కింద లెక్కేసుకోవాలి.

ఫైలు ఎక్కడుందో వెతకడం మన ప్రాంతంలో వేరే తలనొప్పి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ఉమ్మడి గుంటూరు కలెక్టరేట్ ఇచ్చిన లైసెన్సయినా మీ ఊరు నరసరావుపేట, సత్తెనపల్లి వైపైతే ఇప్పుడు పల్నాడు జిల్లా కలెక్టరు దగ్గరకు, రేపల్లె వైపైతే బాపట్లకు వెళ్లాలి. తెనాలి, మంగళగిరి వాళ్లకు గుంటూరే. విజయవాడలో కలెక్టరు కాదు, పోలీస్ కమిషనరే లైసెన్సింగ్ అధికారి. ఇది తెలియక కలెక్టరేట్ చుట్టూ తిరిగి కాళ్లరిగినవాళ్లు చాలామంది.

బోరు చూస్తే బేరం సగం తేలుతుంది

బోరు అంటే గొట్టం లోపలి కొలత. ఇంట్లోవాళ్లు "పాయింట్ త్రీ నాట్ త్రీ" అంటారు. అది నిజంగా .303 అయితే చిక్కే. సైన్యం వాడిన తూటా కాబట్టి అది నిషిద్ధ బోరు, దానికి లైసెన్సు జిల్లా స్థాయిలో దొరకదు. కొనేవాడు లేనట్టే. కానీ చాలా సందర్భాల్లో అది .303 కాదు, .315. పశ్చిమ బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన ఈ స్పోర్టింగ్ రైఫిల్ బోల్టు, బాడీ లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతివే. అందుకే చూడగానే పోలీసుల పాత రైఫిల్లా కనిపిస్తుంది. తూటా మాత్రం వేరు, 8 మిల్లీమీటర్ల మాన్లిషర్ రకం. సైనిక తూటా జనం చేతికి రాకూడదనే ఈ ఏర్పాటు. నిషిద్ధం కాదు, దేశంలోనే తయారవుతుంది, తూటా దొరుకుతుంది. కాబట్టి గొట్టం మీద ముద్ర చదవకుండా ఎవరి నోటిమాటా నమ్మొద్దు. ఆ ఒక్క అంకె తేడాలో అమ్ముడుపోయే రైఫిల్‌కీ, అప్పగించడం తప్ప గతిలేని రైఫిల్‌కీ ఉన్నంత దూరముంది.

ఇక విదేశీ రైఫిళ్లు. మాన్లిషర్, విన్‌చెస్టర్, మౌజర్ లాంటి పేర్లు కనిపిస్తే వారసుల కళ్లు మెరుస్తాయి. మెరవడంలో తప్పులేదు. 1980లలో సామాన్యులకు తుపాకీల దిగుమతి ఆగిపోయాక, అప్పటికే దేశంలో ఉన్నవాటితోనే సరిపెట్టుకోవాలి. కొత్తవి రావు, పాతవి అరుగుతున్నాయి. సరుకు తగ్గితే ధర పెరుగుతుంది. అయితే దాని తూటా దొరుకుతుందా అన్న ప్రశ్న ఆ ధరను మళ్లీ కిందికి లాగుతుంది. .30-06 అయితే ఇషాపూర్ కూడా ఆ బోరులో రైఫిల్ చేస్తుంది కాబట్టి ఫర్వాలేదు. పెద్ద జంతువుల కోసం చేసిన .375, .404 లాంటివి గోడకు అందం. వాటికి తూటా సంపాదించడం కంటే కొనేవాణ్ణి వెతకడమే సులువు, ఆ కొనేవాడూ చాలా అరుదు. అలాంటిదాన్ని నేనైతే హైదరాబాదులోనో, ఢిల్లీలోనో పాత తుపాకీలు ఇష్టంగా కొనే లైసెన్సుదారులతో పరిచయమున్న డీలరుకే చూపిస్తాను. గుంటూరు బేరంలో దాన్ని .315 పక్కన పెట్టి లెక్కేస్తారు, నష్టపోతాం.

పన్నెండు బోర్ కథ పూర్తిగా వేరు. రైఫిల్ కాదు, లోపల గాడులుండవు. అయినా మన దగ్గర 'వేట తుపాకీ' అంటే ఎక్కువమంది ఇంట్లో ఉండేది ఇదే. దీనికి రెండు వేర్వేరు బేరాలున్నాయి. ఒకటి గార్డు ఉద్యోగానికి. బ్యాంకుల దగ్గర, నగల దుకాణాల దగ్గర నిలబడే మాజీ సైనికుల్లో చాలామంది సొంత లైసెన్సు మీద పన్నెండు బోర్ పెట్టుకునే పని చేస్తారు. వాళ్లకు చౌకగా, పనిచేసేది కావాలి. దేశవాళీ సింగిల్ బ్యారెల్ అయినా చాలు. రెండోది ఇష్టపడి కొనేవాళ్ల బేరం. వెబ్లీ అండ్ స్కాట్, గ్రీనర్ లాంటి బర్మింగ్‌హామ్ డబుల్ బ్యారెల్ అక్కడికి వెళ్లాలి. మీ తుపాకీ ఏ బేరానికి చెందుతుందో ముందు తేల్చుకోండి.

.22 రైఫిల్ ధర చిన్నదే, కానీ గురి సాధన చేసే పిల్లలున్న ఇంట్లో అదే ఉపయోగపడుతుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బు సభ్యులు సాధనకు వాడే .22ను రెండు తుపాకీల పరిమితిలో లెక్కపెట్టరు.

ఆ పరిమితి చాలామందికి తెలియదు. 2019 డిసెంబరు దాకా ఒక మనిషి మూడు తుపాకీలు ఉంచుకోవచ్చు. అప్పటి నుంచి రెండే. మూడున్నవాళ్లు ఒకటి వదులుకోవాల్సి వచ్చింది. దాని ఫలితం మార్కెట్లో రెండు రకాలుగా పడింది. అమ్మకానికి పొడుగు తుపాకీలు ఎక్కువయ్యాయి, కొనే చేతులు తగ్గాయి. ఉన్న రెండు చోట్లలో ఒకటి రివాల్వర్‌కే పోతుంది. మిగిలిన ఒక్కచోట మీ రైఫిల్ పోటీపడాలి.

దగ్గరగా చూస్తే

ముందుగా అది ఖాళీగా ఉందని డీలరు చేత తెరిపించి చూపించమనండి. మాగజైన్‌లోనూ, తూటా కూర్చునే ఛాంబర్‌లోనూ. నలభై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోని తుపాకీలో తూటా ఉండదని మనం అనుకుంటాం, తుపాకీ అనుకోదు.

డబుల్ బ్యారెల్‌ని తెలిసినవాళ్లు ఎలా చూస్తారో గమనించండి. గొట్టాలు విప్పి, ట్యూబులైటు వైపు ఎత్తి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తారు. లోపలి గోడ మీద వెలుతురు గుండ్రటి వలయాలుగా కనిపిస్తుంది. మెల్లగా తిప్పుతుంటే ఆ వలయాలు చెదరకుండా జరిగితే గొట్టం నిటారుగా ఉన్నట్టు. ఎక్కడైనా వలయం నొక్కుకుపోతే బయట సొట్ట ఉంది, ఒకచోట నల్లటి నీడ ఉంగరంలా నిలబడితే గొట్టం ఉబ్బింది. ఉబ్బిన గొట్టానికి మందు లేదు. ఆ తర్వాత గొట్టాలను కొక్కెం దగ్గర ఒక వేలికి వేలాడదీసి గోటితో కొడతారు. గంటలా ఖంగుమంటే రెండు గొట్టాలను కలిపే పట్టీ గట్టిగా ఉంది. 'టప్' అని పగిలిన కుండలా మోగితే అతుకు ఊడింది. లోపలికి నీరు పోయి తుప్పు పట్టిందన్నమాట.

మళ్లీ బిగించాక, గొట్టాలను ఒక చేత్తో, బట్టును (వెనక ఉండే చెక్క భాగాన్ని) మరో చేత్తో పట్టుకుని మెల్లగా కదిలించాలి. కాస్త ఊగినా ఆ తుపాకీ వేలకొద్దీ తూటాలు కాల్చిందని అర్థం. బాగుచేయించవచ్చు, కానీ ఆ చేయి తిరిగిన పనివాడు ఈ చుట్టుపక్కల దొరకడం కష్టం. ధరలో ఆ ఖర్చు ముందే తగ్గించేస్తారు. చూసేటప్పుడు ఉత్తినే ట్రిగ్గర్ నొక్కొద్దు. లోపల తూటా లేకుండా కొడితే పాత ఫైరింగ్ పిన్నులు విరుగుతాయి.

గొట్టం అడుగున ముద్రలుంటాయి. కిరీటం కింద 'ఎన్‌పీ' అక్షరాలుంటే పొగరాని తుపాకిమందుకు పరీక్షించిన తుపాకీ. ఆ ముద్ర లేకుండా, గొట్టం మీద చెక్క ఈనెల్లా మెలికలు తిరిగిన గీతలు కనిపిస్తే అది డమాస్కస్ గొట్టం, పాత నల్ల తుపాకిమందు కాలంది. చూడడానికి ఎంతో అందం. కానీ ఇప్పటి తూటా దానిలో పెట్టకూడదు. వాడేవాడికి దాని విలువ సున్నా, దాచుకునేవాడికి మాత్రం ఉంటుంది. ఛాంబర్ పొడవు కూడా అడగండి. పాత ఇంగ్లిష్ తుపాకీలు చాలా వాటికి రెండున్నర అంగుళాలే. పొడుగు తూటా పెట్టి కాల్చితే ఒత్తిడి పెరుగుతుంది. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉన్నంతమాత్రాన మురిసిపోకండి. పేరు ఎవరైనా చెక్కగలరు. ప్రూఫ్ ముద్రలు, నంబరు, పనితనం మూడూ ఒకే కథ చెప్పాలి.

రైఫిల్ విషయంలో కన్ను వేరేచోట పెట్టాలి. గొట్టం మూతి దగ్గర గాడులు పదునుగా ఉన్నాయా, అరిగి మొద్దుబారాయా? మూతి అంచు మీద చిన్న గాయమున్నా గురి తప్పుతుంది. పాత తూటాల ప్రైమర్‌లో, అంటే మందును అంటించే భాగంలో, ఉప్పులాంటి రసాయనం ఉండేది. కాల్చిన రోజే నీళ్లతో కడిగి తుడవకపోతే లోపల తుప్పు గుంటలు పడతాయి. మాసిపోయిన గొట్టం తుడిస్తే మెరుస్తుంది, గుంటలు మాత్రం పోవు. బోల్టు మీద నంబరూ బాడీ మీద నంబరూ కలవాలి. కలవకపోతే బోల్టు మార్చారు. అది ధర సంగతే కాదు, కాల్చేవాడి ముఖం సంగతి కూడా.

ఈ డెల్టా గాలికి తుపాకీని చంపేది వాడకం కాదు, దాచడం. తోలు కవర్లో, కాన్వాస్ సంచిలో పెట్టి అటక మీద పెడతారు. ఆ కవరు వానాకాలం తేమంతా పీల్చుకుని ఏడాది పొడుగునా ఇనుముకు ఆనించి ఉంచుతుంది. బయటికి తీస్తే కవరు కుట్టు వెంబడే తుప్పు గీత. బాపట్ల, బందరు వైపు ఉప్పుగాలి సరే సరి. ఎన్నికలప్పుడల్లా స్టేషన్లో అప్పగించి తెచ్చుకున్న తుపాకీలకు బట్టు మీద కొత్త గీతలు మామూలే. వాటికి ఎక్కువ తగ్గించక్కర్లేదు. బట్టు సన్నబడే చోట, చేయి పట్టే మెడ దగ్గర, సన్నటి వెంట్రుకలాంటి పగులు ఉంటే మాత్రం తగ్గించాలి.

వారసులు చేసే పెద్ద తప్పు ఒకటుంది. అమ్మేముందు 'బాగుచేయిస్తారు'. వడ్రంగి చేత బట్టుకు ఎమిరీ పేపరు కొట్టించి పాలిష్ పెట్టిస్తారు, గొట్టానికి నల్లరంగు వేయిస్తారు. పట్టు కోసం చెక్కిన గళ్లు అరిగిపోతాయి, ముద్రల అంచులు మొద్దుబారతాయి, స్క్రూల గాడులు చెదిరిపోతాయి. సాదా .315కి దీనివల్ల పెద్ద తేడా రాదు. మంచి ఇంగ్లిష్ తుపాకీకి అదే దెబ్బ. పొడి గుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి, అక్కడితో ఆపండి.

లెక్క కట్టడం

దేశవాళీ రైఫిల్‌కి పైకప్పు ఒకటే, అదే రకం కొత్తది ఈరోజు ఫ్యాక్టరీ ధరా పన్నూ రవాణా కలిపి ఎంతవుతుందో అది. ఇషాపూర్ ఫ్యాక్టరీ 2021 అక్టోబరు నుంచి కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కింద ఉంది. ధర డీలరు దగ్గర దొరుకుతుంది. లెక్క సులువుగా ఉండడానికి అది లక్ష అనుకుందాం. గొట్టం శుభ్రంగా, నంబర్లన్నీ కలిసి, లైసెన్సు బతికి ఉంటే నేను అరవైతో మొదలుపెడతాను. మూతి అరిగితే ముప్పైకి దిగుతాను. లోపల గుంటలుంటే ఇరవై కూడా కష్టం. కొత్తదానికి దగ్గరగా ఎవరైనా అడిగితే, కొనేవాడు కొత్తదే కొనుక్కుంటాడు. బిల్లొస్తుంది, కాగితం గొడవ ఉండదు.

విదేశీ తుపాకీకి ఆ పైకప్పు లేదు. అక్కడ ఒక డీలరు చెప్పిన ధరను నమ్మొద్దు, కనీసం ముగ్గురిని అడగండి. ఒకటి స్థానిక డీలరు, మిగతా రెండూ వేరే నగరాలవి. మూడింటిలో ఎక్కువ చెప్పినవాడు నిజంగా కొంటానంటున్నాడా, 'పెట్టి వెళ్లండి, అమ్మిపెడతా'నంటున్నాడా అనేది చూడండి. రెండోదైతే అది ధర కాదు, ఆశ.

నాలుగు దారులు

ఇంట్లో ఎవరికైనా నిజంగా కావాలంటే వారసత్వ లైసెన్సు మంచి దారి. 2016 ఆయుధ నియమాల ప్రకారం పెద్దాయన పోయాకే కాదు, ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, బతికుండగానే వారసుడికి ఇవ్వమని దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది ఎంత ముందు చేస్తే అంత మేలు. పోయాక చేస్తే మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, మిగతా అక్కచెల్లెళ్ల, అన్నదమ్ముల అంగీకారం అన్నీ కావాలి. ఆ అంగీకారం దగ్గరే, పొలం పంపకాల పాతగొడవలన్నీ తుపాకీ మీదికి వస్తాయి. వారసుడికి 21 నిండాలి, సురక్షిత వినియోగ శిక్షణ పూర్తిచేసి ఉండాలి, ఆ వారసుడి దగ్గర ఇప్పటికే రెండుంటే ఇది రాదు, వారసత్వమైనా సరే.

నేరుగా మరో లైసెన్సుదారుకి అమ్మితే డబ్బు ఎక్కువొస్తుంది. అయితే ఎవరికి అమ్ముతున్నారో పేరూ చిరునామాతో జిల్లా మేజిస్ట్రేట్‌కిగానీ దగ్గరి స్టేషన్ అధికారికిగానీ రాతపూర్వకంగా చెప్పి, 45 రోజులు ఆగాకే అప్పగించాలి. అతని లైసెన్సులో ఆ బోరు ఉండాలి, ఖాళీ ఉండాలి. అడ్వాన్సు తీసుకుంటే ఈ గడువు సంగతి కాగితం మీద రాసుకోండి.

డీలరుకి అమ్మితే తక్కువొస్తుంది, కానీ త్వరగా తేలుతుంది. వారసులు నలుగురుండి, ఒకరు అమెరికాలో, ఒకరు హైదరాబాదులో ఉంటే నా ఓటు దీనికే. పదివేలు ఎక్కువొస్తాయని ఏడాది తిరగడం దండగ. డీలరు దగ్గర 'భద్రపరచడం' పేరుతో ఏళ్లకేళ్లు ఉంచడం మాత్రం వద్దు. నెల నెలా పడే అద్దె చివరికి తుపాకీ ధరను మింగేస్తుంది.

నాలుగోది ప్రభుత్వానికి అప్పగించేయడం. .303కి, నంబరు చెరిగినదానికి, గొట్టం పగిలినదానికి, లైసెన్సు ఆనవాలు లేని నాటు తుపాకీకి వేరే దారి వెతకొద్దు. వందేళ్లు దాటినదైతే, ఇచ్చేముందు తెలిసినవాళ్ల అభిప్రాయం తీసుకోండి. బాగుచేసినా పేలే అవకాశమే లేని పాతకాలపు ఆయుధాలకు చట్టంలో మినహాయింపు ఉంది, కానీ అది మినహాయింపు కిందికి వస్తుందో లేదో మీకు మీరే తేల్చుకోకూడదు.

ఏ దారి పట్టినా చివర చూడాల్సింది పెద్దాయన లైసెన్సు పుస్తకంలో ఆ నంబరు కొట్టేసి, అధికారి సంతకం, తేదీ పడ్డాయా అని. డబ్బు అందినంత మాత్రాన అమ్మకం పూర్తికాదు. మీ పేరుకో, పెద్దాయన పేరుకో ఆ తుపాకీ డేటాబేస్‌లో ఇంకా కనిపిస్తుంటే, ఏ ఎన్నికల ముందో స్టేషన్ నుంచి ఫోను వస్తుంది. కొట్టివేత పేజీ, డీలరు రసీదు, 45 రోజుల నోటీసు మీద స్టేషన్ ముద్ర ఉన్న కాపీ, వీటిలో మీ దారికి వర్తించేవన్నీ జిరాక్సు తీయించి అన్నదమ్ములకు తలా ఒక సెట్టు ఇవ్వండి.